ముఖకాంతికి లేజర్ చికిత్స: పూర్వకర్మ, పశ్చాత్కర్మలే ప్రాణం

ముఖం చూసి ఆరోగ్యాన్ని అంచనా వేయడం వైద్యులకే కాదు, ఇంటి పెద్దలకూ అలవాటే. "ముఖం కళ తప్పింది, ఒంట్లో బాగాలేదా?" అని అడగని తల్లి ఉండదు. కావున ముఖచర్మం నిర్మలంగా, కాంతివంతంగా ఉండాలని కోరుకోవడం కేవలం అలంకారాపేక్ష అనుకోరాదు. వయస్సు పైబడుతున్నకొద్దీ వచ్చే ముడతలు, ఎండకు ఏర్పడిన మచ్చలు, మొటిమలు మిగిల్చిన గుంటలు, స్త్రీలను ఎక్కువగా బాధించే మంగు తగ్గించుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు.

ఒకప్పుడు వీటికి నలుగు, లేపం, తైలం తప్ప వేరు మార్గం ఉండేది కాదు. నేడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలోనే కాక జిల్లా కేంద్రాలలో సైతం లేజర్ చికిత్సాలయాలు వెలిశాయి. "కత్తి లేదు, కోత లేదు, కుట్టు లేదు" అన్న మాట విని ఎందరో ఆకర్షితులవుతున్నారు. ఆ మాట నిజమే. అయితే కత్తి లేదన్నంత మాత్రాన గాయం లేదని అర్థం కాదు. ఈ ఒక్క విషయం గ్రహించినవారు లేజర్ వలన మేలు పొందగలరు. గ్రహించనివారు ఉన్న మచ్చకు తోడు కొత్త మచ్చను తెచ్చుకొంటారు.

ఆయుర్వేద వైద్యునికి లేజర్‌తో పనేమిటని పాఠకులు అడుగవచ్చు. లేజర్ చేయించుకోదలచినవారు ముందుగా మా వద్దకు వచ్చి "చేయించుకోవచ్చునా?" అని అడుగుతారు. చేయించుకొన్నవారు తరువాత వచ్చి "ఏ లేపం పూయమంటారు?" అని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం చెప్పవలసిన బాధ్యత మాపై ఉన్నది.

చర్మం: ఏడు పొరలు

సుశ్రుతాచార్యుడు చర్మాన్ని ఏడు త్వచలుగా విభజించి, ఒక్కొక్కదాని మందాన్ని వడ్లగింజతో పోల్చి కొలిచాడు. మొదటిది అవభాసిని, వర్ణాన్ని ప్రకాశింపజేసేది. రెండవది లోహిత. తిలకాలకం అనే నల్లమచ్చలకు, న్యచ్ఛానికి, మనం మంగు అని పిలిచే వ్యంగానికి ఈ లోహితయే స్థానమని ఆయన చెప్పాడు. కుష్ఠాది వ్యాధులకు ఇంకా లోతైన పొరలు స్థానాలు. మచ్చ ఏ లోతున ఉన్నదో తెలియకుండా చికిత్సకు దిగరాదన్నది ఈ విభజనలోని సారం.

ఆధునిక శాస్త్రం చర్మాన్ని బాహ్యచర్మం, అంతశ్చర్మం అని ముఖ్యంగా రెండుగా చెబుతుంది. బాహ్యచర్మం అడుగుభాగంలో మెలనిన్ అనే వర్ణద్రవ్యం తయారవుతుంది. అంతశ్చర్మంలో కొల్లాజెన్ అనే నారలు అల్లుకొని చర్మానికి బిగువునిస్తాయి. వయస్సు, ఎండ, పొగతాగుడు ఈ నారలను తెంపివేస్తాయి. అందువలన ముడతలు పడతాయి. లేజర్ చికిత్స అంతా ఈ రెంటి చుట్టూ తిరుగుతుంది. కొన్ని యంత్రాలు అధికంగా పేరుకొన్న మెలనిన్‌ను ఛేదిస్తాయి, మరికొన్ని కొల్లాజెన్ కొత్తగా పుట్టేటట్లు ప్రేరేపిస్తాయి.

లేజర్ అనగా నేమి?

సూర్యకాంతిలో అనేక వర్ణాలు కలిసి ఉంటాయి. లేజర్ ఒకే తరంగదైర్ఘ్యం గల కాంతి. చెదరక ఒకే దిశలో పోతుంది. దీనికి మూలమైన సిద్ధాంతాన్ని 1917లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించగా, 1960లో మైమన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు కెంపురాతితో తొలి లేజర్‌ను వెలిగించాడు. చర్మచికిత్సలో నేటికీ ప్రధానమైన కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో రూపొందించినవాడు మహారాష్ట్రలోని బారామతిలో జన్మించిన కుమార్ పటేల్ కావడం మనకు గర్వకారణం.

కాంతి తాకినంత మాత్రాన చర్మం మారదు. ఆ కాంతిని ఏదో ఒక పదార్థం గ్రహించి వేడెక్కాలి. చర్మంలో అటువంటివి ముఖ్యంగా మూడు: మెలనిన్, రక్తంలోని హిమోగ్లోబిన్, నీరు. ఒక్కొక్కటి ఒక్కొక్క తరంగదైర్ఘ్యాన్ని ఎక్కువగా గ్రహిస్తుంది. కావున తగిన కాంతిని, తగినంత స్వల్పకాలం ప్రయోగిస్తే లక్ష్యం మాత్రమే వేడెక్కి, పక్కనున్న చర్మం క్షేమంగా ఉంటుందని 1983లో ఆండర్సన్, పారిష్ అనే వైద్యులు నిరూపించారు.

ఇందులో కాలపరిమితి ఎంత ముఖ్యమో వంటింటి ఉదాహరణతో గ్రహించవచ్చు. నూనెలో వేసిన ఆవగింజ క్షణంలో వేడెక్కి చిటపటలాడుతుంది. తీస్తే క్షణంలో చల్లారుతుంది. రాచ్చిప్ప మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారుతుంది. చర్మంలోని వర్ణకణాలు ఆవగింజల వంటివి. వాటిని కొట్టే కాంతి సెకనులో వందకోట్లవ వంతులలో లెక్కించేంత స్వల్పకాలం ఉండాలి. అంతకు మించి నిలిస్తే వేడి పక్కకు పాకి చర్మాన్ని కాలుస్తుంది.

రకాలు, ఉపయోగాలు

1. పొరను తొలగించే లేజర్లు: కార్బన్ డయాక్సైడ్ (10,600 నానోమీటర్లు), ఎర్బియం యాగ్ (2,940 నానోమీటర్లు). చర్మంలోని నీరు వీటిని గ్రహించి ఆవిరి కావడంతో పైపొర తొలగిపోతుంది. ముడతలకు, లోతైన మొటిమ గుంటలకు బలమైన చికిత్స. పూర్తిగా పొర తీస్తే మానడానికి ఒకటి రెండు వారాలు, ఎరుపు తగ్గడానికి కొన్ని నెలలు పడుతుంది.

2. పొరను తొలగించని లేజర్లు: పైచర్మాన్ని ఉంచి, లోపల వేడి కలిగించి కొల్లాజెన్‌ను ప్రేరేపిస్తాయి. బాధ, విశ్రాంతి తక్కువ. ఫలితం కూడా మితమే. సాధారణంగా నెలకొకసారి చొప్పున మూడు నుండి ఆరు పర్యాయాలు చేయవలసి ఉంటుంది.

3. ఫ్రాక్షనల్ పద్ధతి: 2004లో శాస్త్రలోకానికి పరిచయమైనది. ముఖమంతటా కాక, జల్లెడ రంధ్రాల వలె వెంట్రుక మందం పాటి చుక్కలలో మాత్రమే కాంతి దిగుతుంది. చుక్కకూ చుక్కకూ మధ్య చెక్కుచెదరని చర్మం ఉండి గాయాన్ని త్వరగా మాన్పుతుంది. పై రెండు రకాలలోనూ ఈ పద్ధతి ఉన్నది. మన దేశంలో మొటిమ గుంటలకు ఎక్కువగా వాడుతున్నది ఇదే.

4. వర్ణాన్ని ఛేదించే లేజర్లు: క్యూస్విచ్ ఎన్‌డీ యాగ్, పికోసెకండ్ లేజర్లు. ఎండమచ్చలకు, కొన్ని పుట్టుమచ్చలకు, పచ్చబొట్లకు ఉపయోగిస్తారు.

5. రక్తనాళాలపై పనిచేసేవి: 595 నానోమీటర్ల పల్స్‌డ్ డై లేజర్ వంటివి. ముఖంపై ఎర్రబారిన నాళాలకు వాడతారు.

ఐపీఎల్ అనే తీవ్రకాంతి దీపాన్ని కూడా లేజర్ అనే పిలుస్తుంటారు. అది లేజర్ కాదు. అనేక తరంగదైర్ఘ్యాలు కలిసిన కాంతి. నల్లని చర్మంపై, ఎండకు కమిలిన ముఖంపై దానిని అజాగ్రత్తగా వాడితే కాలే ప్రమాదం ఎక్కువ.

ఫలితం మరునాడే కనిపించదు. కొత్త కొల్లాజెన్ ఏర్పడడానికి మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. వచ్చిన ఫలితం శాశ్వతమూ కాదు. వయస్సు, ఎండ తమ పని తాము చేస్తూనే ఉంటాయి. జారిపోయిన చర్మాన్ని లేజర్ పూర్తిగా ఎత్తలేదు. పుట్టుకతో వచ్చిన చామనచాయను తెలుపు చేయడం అసలు దాని పని కాదు. చామనచాయ వ్యాధి కానప్పుడు చికిత్స దేనికి?

మన చర్మానికి ప్రత్యేక జాగ్రత్త ఎందుకు?

చర్మవర్ణాన్ని బట్టి మనుష్యులను ఆరు తరగతులుగా విభజించే పద్ధతిని ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికన్ వైద్యుడు 1975లో ఆరంభించాడు. తెలుగువారిలో ఎక్కువమంది నాలుగు, ఐదు తరగతులలోకి వస్తారు. అనగా మన బాహ్యచర్మంలో మెలనిన్ సమృద్ధిగా ఉంటుంది. ఇది ఎండ నుండి రక్షించే కవచం. తెల్లవారికి వచ్చినంత త్వరగా మనకు ముడతలు రాకపోవడానికి ఒక కారణం ఇదే.

అయితే లేజర్ విషయంలో ఈ కవచమే చిక్కు తెస్తుంది. లోపలికి వెళ్ళవలసిన కాంతిని పైనున్న మెలనిన్ దారిలోనే గ్రహించి వేడెక్కుతుంది. పైగా మన చర్మానికి ఏ చిన్న వాపు కలిగినా, అది తగ్గిన చోట నలుపు మిగిలిపోయే స్వభావం ఉంది. దోమ కుట్టినచోట, మొటిమ గిల్లినచోట నల్లమచ్చ మిగలడం అందరికీ అనుభవమే. లేజర్ వేడికీ అట్లే జరుగవచ్చు. అందువలన ఎర్రని తెల్లచర్మానికి సరిపోయిన మోతాదు మనకు సరిపోదు. తక్కువ శక్తి, ఎక్కువ విరామం, మెలనిన్ తక్కువగా గ్రహించే 1,064 నానోమీటర్ల వంటి తరంగదైర్ఘ్యం, చర్మాన్ని చల్లబరచే ఏర్పాటు మన చర్మానికి క్షేమకరం.

మంగుకు లేజర్ తొలిచికిత్స కాదు

ఈ మాట నొక్కి చెప్పవలసి ఉన్నది. మంగు ఒట్టి మచ్చ కాదు. గర్భధారణ, గర్భనిరోధక మాత్రలు, వంశస్వభావం, ఎండ, వేడి దానిని పెంచుతాయి. క్రోధం, ఆయాసం చేత ప్రకోపించిన వాతం పిత్తంతో కూడి ముఖాన్ని చేరి వ్యంగాన్ని కలిగిస్తుందని సుశ్రుతుడు చెప్పాడు. వేడి వలన పెరిగే వ్యాధికి వేడి చేసే సాధనం తొందరపడి ప్రయోగిస్తే ఏమగునో ఊహించవచ్చు.

నా వద్దకు వచ్చిన ఒక ఉపాధ్యాయినికి రెండవ కాన్పు తరువాత బుగ్గలపై మంగు వచ్చింది. ఆమె ఒకచోట వారానికొకసారి చొప్పున వేసవిలో పలుమార్లు లేజర్ చేయించుకొన్నది. ప్రతిదినం స్కూటరుపై ఎండలో పాఠశాలకు వెళ్ళివచ్చేది. తొలిరోజులలో మంగు పలుచబడినట్లు కనిపించింది. రెండు నెలలకు మునుపటికంటె నల్లగా తిరిగివచ్చింది; నడుమ నడుమ బియ్యపుగింజలంత తెల్లచుక్కలు కూడా ఏర్పడ్డాయి. మంగుపై లేజర్‌ను పదే పదే ప్రయోగిస్తే ఇటువంటి తెల్లచుక్కలు రావచ్చునని వైద్యగ్రంథాలలో నమోదై ఉన్నది. ఆమెను అనుభవజ్ఞులైన చర్మవైద్యుల వద్దకు పంపాను. లేజర్ మాన్పించి, ఎండ నుండి రక్షణ, తగిన పూతమందులు ఇవ్వగా ఏడాదికి నలుపు చాలవరకు తగ్గింది. తెల్లచుక్కలు కొన్ని ఇంకా ఉన్నాయి.

అగ్నికర్మ నేర్పే పాఠం

లేజర్ మన గ్రంథాలలో లేదు. ఉన్నదని చెప్పుకోవడం సత్యం కాదు. కాని వేడితో చర్మాన్ని నియమితంగా దహించి వ్యాధిని తొలగించే అగ్నికర్మ సుశ్రుత సంహితలో ఒక అధ్యాయంగా ఉన్నది. యంత్రం వేరైనా కాలేది అదే చర్మం. కావున ఆ నియమాలు నేటికీ పనికివస్తాయి.

మొదటి నియమం కాలం. అత్యవసరమైతే తప్ప శరత్, గ్రీష్మ ఋతువులలో అగ్నికర్మ చేయరాదు. నేటి చర్మవైద్యులు ఎండలు మండే రోజులలో బలమైన లేజర్‌ను వాయిదా వేయడం దీనికి దగ్గరగా ఉన్నది. మన ప్రాంతంలో మార్గశిరం నుండి మాఘం వరకు అనుకూలమైన కాలం.

రెండవది పాత్రాపాత్ర విచారణ. పిత్తప్రకృతి గలవారికి, దుర్బలులకు, భీరువులకు, శరీరంపై అనేక వ్రణాలు గలవారికి అగ్నికర్మ నిషిద్ధం.

మూడవది మోతాదు. కాలిన తీరును ప్లుష్టం, దుర్దగ్ధం, సమ్యగ్దగ్ధం, అతిదగ్ధం అని నాలుగు విధాలుగా చెప్పారు. బొబ్బలెక్కి తీవ్రంగా మండితే అది దుర్దగ్ధం. లేజర్ తరువాత కొద్దిపాటి ఎరుపు, వాపు సహజం. బొబ్బలు లేస్తే మాత్రం మోతాదు మించినదని గ్రహించి వెంటనే వైద్యునికి చూపాలి.

పూర్వకర్మ: ముందుగా చేయవలసినవి

* ముందు రోగనిర్ణయం జరగాలి. పెరుగుతున్న, రంగు మారుతున్న, రక్తం కారుతున్న మచ్చను పరీక్షించకుండా లేజర్‌తో తీయరాదు. అది కాన్సర్ కావచ్చు. మెడ, నుదుటి అంచులు నల్లబడి దళసరెక్కితే ముందు రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి.
* లేజర్‌ను ప్రయోగించేవారు అర్హతగల చర్మవైద్యులా అని విచారించాలి. అలంకరణశాలలలో చేయించుకోరాదు.
* చెవి వెనుకనో, దవడ అంచుననో ఒక చిన్న చోట ముందు పరీక్షించి, కొన్ని వారాలు ఆగి చూడమని కోరాలి.
* గర్భిణులు, ముఖంపై చీము మొటిమలు గలవారు, గాయం మానినచోట కండ పెరిగే స్వభావం గలవారు ఆ సంగతి ముందే చెప్పాలి. పెదవులపై తరచుగా నీటిపొక్కులు వచ్చేవారికి ముందుగా మందు ఇవ్వవలసి ఉంటుంది.
* మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నా, ఇటీవల వాడినా తెలపాలి.
* ముఖం తెల్లబడుతుందని వాడే పూతలలో స్టెరాయిడ్ ఉండవచ్చు. అటువంటి పూతలు చర్మాన్ని పలుచబరచి ఎర్రబారుస్తాయి. ఆ ముఖంపై లేజర్ ప్రమాదకరం. మన ప్రభుత్వం 2018లో అనేక స్టెరాయిడ్ పూతలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని నిర్దేశించింది. అయినా అవి ఇళ్ళలో కనిపిస్తూనే ఉన్నాయి.

ఆయుర్వేద ఔషధాలు వాడేవారికి మరి రెండు హెచ్చరికలు. బావంచాలు కాంతికి చర్మం ప్రతిస్పందించే గుణాన్ని పెంచుతాయి. బొల్లికి వాటిని వాడేది అందుకే. లోపలికి గాని, పూతగా గాని బావంచాలు వాడుతున్నవారు చర్మవైద్యునికి తప్పక చెప్పాలి. కీళ్ళవాతానికి బంగారు లవణాల సూదిమందు తీసుకొన్నవారికి క్యూస్విచ్ లేజర్ తగిలినచోట చర్మం నీలిబూడిద రంగుకు మారిన ఉదంతాలు నమోదయ్యాయి. స్వర్ణభస్మం గల యోగాలు సేవించేవారు కూడా ఆ సంగతి దాచకుండా తెలపడం వివేకం.

వివాహానికి పది దినాల ముందు "ముఖం మెరవాలి" అని లేజర్‌కు పరుగెత్తడం తగదు. చేయించుకోదలిస్తే కనీసం ఆరు నెలల ముందు ఆరంభించాలి. కొన్ని వారాల ముందు నుండి ఎండ తగలకుండా చూసుకోవాలి. కమిలిన ముఖంపై లేజర్ పడరాదు.

ప్రధానకర్మ నాడు

ముఖాన్ని శుభ్రంగా కడిగి, పసుపు, పౌడరు, కాటుక, బొట్టు ఏవీ లేకుండా వెళ్ళాలి. కళ్ళకు తగిన రక్షణ కవచం పెట్టనిదే యంత్రాన్ని ఆరంభించనీయరాదు. లేజర్ కాంతి కంటిపొరకు శాశ్వతమైన హాని చేయగలదు. భరించలేని మంట కలిగితే ఓర్చుకొనక వెంటనే చెప్పాలి. మీ బాధ వైద్యునికి ముఖ్యమైన సూచన.

పశ్చాత్కర్మ: గృహవైద్యం ఆపవలసిన కాలం

గృహవైద్యాన్ని ప్రేమించే పాఠకులు ఇక్కడ మనస్సు నిగ్రహించుకోవాలి. లేజర్ తరువాత చర్మం పూర్తిగా మానేవరకు పసుపు, శనగపిండి, సున్నిపిండి, చందనం, పెరటి కలబంద గుజ్జు, పెరుగు ఏవీ పూయరాదు. తెరచుకొన్న చర్మానికి ఇవి మంట, దద్దుర్లు, క్రిమిదోషం కలిగించవచ్చు. నిమ్మరసం మరీ అపాయకరం. మామూలు చర్మంపైనే నిమ్మరసం పూసి ఎండలోకి వెళితే బొబ్బలు, నల్లమచ్చలు రావచ్చు.

కాలిన వ్రణానికి తేనె, నేయి శాస్త్రంలో చెప్పారు గదా అని కొందరు అంటారు. వైద్యశాలలలో గాయాలకు వాడే తేనె క్రిములు లేకుండా ప్రత్యేకంగా శుద్ధి చేసినది. అంగడి సీసాలోని తేనె అటువంటిది కాదు.

మొదటి దినాలలో చల్లని శుభ్రమైన నీటితో మృదువుగా కడిగి, తెల్లని పెట్రోలియం జెల్లీ గాని, వైద్యుడిచ్చిన పూత గాని రాయాలి. పొక్కులను గిల్లరాదు, వాటంతటవే రాలాలి. పొయ్యిసెగకు, ఆవిరికి దూరంగా ఉండాలి. మానిన తరువాత ఎండ నుండి కాపాడే ఎస్‌పీఎఫ్ 30 లేక అంతకు మించిన పూతను దట్టంగా రాసి, ఆరుబయట ఉంటే రెండు గంటలకొకసారి మళ్ళీ రాయాలి. మంగు గలవారికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగుపూత మేలు. గొడుగు, కొంగు, టోపీ ఏదైనా వాడవచ్చు.

నొప్పి తగ్గవలసిందిపోయి పెరుగుతున్నా, చీము పట్టినా, నీటిపొక్కులు గుంపుగా లేచినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయరాదు.

ఆహారంలో పెసలు, గోధుమ, పాలు, నేయి, ఉసిరిక, ఆకుకూరలు పథ్యం. అతికారం, అతిపులుపు, ఊరగాయలు, మద్యం కొన్నాళ్ళు విడువాలి. పొగతాగడం గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది. దానిని పూర్తిగా మానాలి. రాత్రి జాగరణ తగదు.

మానిన తరువాత మన ఔషధాలు

నెల గడచి, చర్మం సహజస్థితికి వచ్చి, చర్మవైద్యులు అనుమతించిన తరువాత మన మృదువైన ఉపచారాలు ఆరంభించవచ్చు. మొదట మోచేతి లోపలివైపు పూసి రెండు దినాలు పరీక్షించుకోవాలి.

* మెత్తని పెసరపిండిని పాలతో కలిపి వారానికి రెండుసార్లు, రుద్దకుండా, సబ్బుకు మారుగా వాడవచ్చు.
* మంజిష్ఠ చూర్ణాన్ని తేనెతో కలిపిన లేపం వ్యంగానికి మన శాస్త్రంలో ప్రసిద్ధం. పలుచగా పూసి, ఆరకముందే కడగాలి.
* పొడిచర్మం గలవారు కుంకుమాది తైలాన్ని రాత్రివేళ రెండు మూడు చుక్కలు మృదువుగా రాసుకోవచ్చు. మొటిమలు గలవారు తైలం వాడరాదు.

వీటి వలన చర్మం మెత్తబడి, క్రమంగా కాంతి పొందుతుంది. లోతైన మొటిమ గుంటలను ఇవి పూడ్చలేవు. అటువంటివారికి లేజర్ నిజంగా ఉపకరించే చికిత్స. దానిని ఏ లేపం పేరుతోనూ వారికి దూరం చేయరాదు. చిన్నచిన్న ముడతలకు, కొద్దిపాటి కళతప్పడానికి మాత్రం ఎండ నుండి రక్షణ, నిద్ర, మితాహారం, స్నేహనం చాలు. వారికి లేజర్ అవసరమే ఉండకపోవచ్చు.

భ్రాజకపిత్తం సమంగా ఉన్నంతకాలం చర్మం తన వర్ణంలోనే ప్రకాశిస్తుందని ఆయుర్వేదం చెబుతుంది. లేజర్ దానికి సహాయపడే సాధనం మాత్రమే. రోగిని పరీక్షించి, ఋతువును చూసి, మోతాదు ఎరిగి ప్రయోగించేవాని చేతిలో అది చికిత్స అవుతుంది. అటువంటి వైద్యుని ఎన్నుకోవడం, ముందు వెనుకల నియమాలను పాటించడం మాత్రం మన చేతిలోని పని.